ఎండ మనది.. ఎకరాకు దక్కేదెంత?

బొగ్గు, చమురు వదిలి సూర్యుడి దారి పట్టిన దేశం.. సరిహద్దు పల్లెకు పావగడ చెబుతున్న లెక్క

పావగడ నుంచి తిరుమణి దారి పట్టండి. కొంత దూరం పోయాక పొలాలు మాయమవుతాయి. రోడ్డుకు రెండు వైపులా కంచె, కంచె వెనక కనుచూపు మేర సోలార్ పలకలే. ఒకప్పుడు అక్కడ బుడ్డల పంట వేసేవాళ్లు. వాన పడితే పంట, పడకపోతే బెంగళూరు బస్సు.. అదీ అక్కడి బతుకు. ఇప్పుడు అదే నేల నుంచి 2,050 మెగావాట్ల కరెంటు పుడుతోంది. తిరుమణి, వళ్లూరు, బలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు.. ఐదు ఊళ్ల పరిధిలో సుమారు 13 వేల ఎకరాల పార్కు ఇది. ఊళ్ల పేర్లలో చెరువులున్నాయి. ఊళ్లో మాత్రం నీళ్ల కంటే ఎండే ఎక్కువ.

తుమకూరు జిల్లాలో ఉన్నా పావగడ తాలూకాకు దాదాపు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. ఇళ్లలో, సంతలో తెలుగు, ఆఫీసులో కన్నడ. మన సరిహద్దు ఊళ్ల మాదిరే. అందుకే అక్కడి రైతుకు ఎదురైన ప్రశ్న రేపు మన ఊరికీ రావచ్చు. దేశం బొగ్గు, చమురు వదిలి సూర్యుడి వైపు తిరుగుతోంది. తిరగాల్సిందే, అందులో వాదన లేదు. ఎండనూ నేలనూ ఇచ్చిన ఊరికి ఆ వెలుగులో వాటా ఎంత అన్నదే వాదన.

కొనుక్కునే నిప్పు

మనం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్ల కంటే ఎక్కువే బయటి దేశాల నుంచి వస్తోంది. వంటగ్యాసులో సగానికి మించి దిగుమతే, అందులోనూ ఎక్కువ భాగం గల్ఫ్ నుంచి. బొగ్గు మన భూమిలో బోలెడంత ఉంది. 2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి తొలిసారి 100 కోట్ల టన్నులు దాటింది. అయినా అదే ఏడాది దాదాపు 24 కోట్ల టన్నులు దిగుమతి చేసుకున్నాం.

ఎక్కడో యుద్ధం వస్తే మన సిలిండర్ ధర మారేది అందుకే. 2022 ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. ప్రపంచమంతటా బొగ్గు, గ్యాసు రేట్లు ఆకాశానికెక్కాయి. ఆ వేసవిలోనే మన థర్మల్ కేంద్రాల దగ్గర బొగ్గు నిల్వలు అడుగంటాయి. 10 శాతం విదేశీ బొగ్గు కలుపుకోండని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ధర మండిపోతున్నప్పుడే ఎక్కువ కొనాల్సి వచ్చింది. ఆ భారం ఏదో ఒక రూపంలో కరెంటు బిల్లు మీదకో, సర్కారు ఖజానా మీదకో చేరింది.

సోలార్ పలకలు కూడా చైనా నుంచే వస్తున్నాయి కదా, ఒక దిగుమతి పోయి ఇంకొకటి వచ్చినట్టే కదా అని కొందరు అడుగుతారు. సందేహం సబబే. చాలా కాలం ఎక్కువ పలకలు అక్కడి నుంచే వచ్చాయి. ఇక్కడి ఫ్యాక్టరీలు నిలదొక్కుకోవాలని 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి పలకల మీద 40 శాతం సుంకం వేశారు. అయితే తేడా ఒకటుంది. బొగ్గు ఈరోజు కొంటే ఈరోజే కాలిపోతుంది, రేపటికి మళ్లీ కొనాలి. పలక ఒకసారి కొంటే పాతికేళ్లు పనిచేస్తుంది. మధ్యలో ఏ దేశం అలిగినా మన ఎండ ఆగదు.

రోజుకు ఒకటిన్నర బొగ్గు రైలు

సోలార్ కరెంటు వస్తే పెట్రోలు దిగుమతి తగ్గిపోతుందని చెప్పేస్తుంటారు. అంత సులువు కాదు. మన దేశంలో డీజిలుతో పుట్టించే కరెంటు చాలా తక్కువ. సోలార్ పోటీ పడేది ముందుగా బొగ్గుతోనే. బండి బ్యాటరీ మీద నడిచి, బస్సు కరెంటు మీద తిరిగి, డీజిల్ ఇంజన్ పోయి మోటారు వచ్చినప్పుడే చమురు ఓడ మీద దెబ్బ పడుతుంది. అంటే పలకలు పెట్టడం సగం పని, ఆ కరెంటును బండికీ పొయ్యికీ చేర్చడం మిగతా సగం.

మొదటి సగంలో పావగడ చేసిందేమిటో లెక్క కడదాం. రోజుకు ఐదు గంటల పూర్తి ఎండతో సమానమైన ఉత్పత్తి అనుకుంటే 2,050 మెగావాట్ల పార్కు రోజుకు కోటి యూనిట్లు ఇస్తుంది. ఏడాదికి సుమారు 370 కోట్ల యూనిట్లు. ఒక యూనిట్ కరెంటుకు థర్మల్ కేంద్రంలో రమారమి ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ బొగ్గు మండుతుంది. అంటే ఏడాదికి పాతిక లక్షల టన్నుల బొగ్గు మిగిలినట్టు. ఒక గూడ్సు రైలు దాదాపు 4 వేల టన్నులు మోస్తుంది. రాయచూరు శక్తినగర్‌కు, బళ్లారి కుడితినికి పోయే బొగ్గు రైళ్లు మనవాళ్లు రోజూ చూసేవే. అలాంటివి ఏడాదికి ఆరు వందలకు పైగా, రోజుకు ఒకటిన్నరకు మించి, అవసరం లేకుండా చేయగల శక్తి ఈ ఐదు ఊళ్ల ఎండకుంది.

దేశం మొత్తం మీద చూసినా మార్పు కనిపిస్తోంది. 2025 జూన్ నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కాని వనరులదే. 2030 నాటికి దీన్ని 5 లక్షల మెగావాట్లకు చేర్చాలన్నది కేంద్రం లక్ష్యం. 2070 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నా చేస్తామన్నది ప్రపంచానికి మనం ఇచ్చిన మాట. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. రాత్రి ఎండ ఉండదు, గాలి అన్ని రోజులూ వీచదు. అందుకే 2024-25లోనూ మన ఇళ్లకు చేరిన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గుదే.

కరువు ఏడాది చెప్పిన పాఠం

వాతావరణ మార్పు అంటే ధ్రువాల దగ్గర మంచు కరగడం మాత్రమే అనుకుంటే పొరపాటు. 2024 ప్రపంచ చరిత్రలో నమోదైన అత్యంత వేడి సంవత్సరం. అంతకుముందు ఏడాది, 2023లో, కర్ణాటకలో వానలు మొహం చాటేశాయి. రాష్ట్రంలోని 236 తాలూకాల్లో 223ను కరువు తాలూకాలుగా ప్రకటించారు. ఆ ఏడాది అక్టోబరు గుర్తుందా? జలాశయాల్లో నీళ్లు లేక జల విద్యుత్తు తగ్గింది. ఎండిపోతున్న పంటను కాపాడుకోవడానికి బోర్ల మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగాయి. పంపుసెట్లకు ఏడు గంటలు ఇవ్వాల్సిన త్రీఫేజ్ కరెంటు చాలాచోట్ల ఐదు గంటలకు పడిపోయింది. రైతులు రోడ్డెక్కారు.

కరువు వస్తే నీటి కరెంటు తగ్గుతుంది, వాడకం పెరుగుతుంది. దెబ్బ రెండు వైపులా. ఆ సమయంలో తగ్గకుండా ఉండేది ఎండ ఒక్కటే. పావగడ, కల్యాణదుర్గం, మడకశిర, చెళ్లకెర లాంటి వాన తక్కువ ప్రాంతాలకు ఇది చిన్న మాట కాదు. ఏ ఎండ మన పంటను మాడ్చిందో అదే ఎండ మన మోటారును తిప్పగలదు. కాబట్టి సోలార్ వద్దనే వాదన ఈ నేలకు నప్పదు. అడగాల్సింది వాటా.

వంద రూపాయల్లో మూడు

పావగడలో భూమిని సర్కారు లాక్కోలేదు, కంపెనీలు కొనలేదు. అది మెచ్చుకోవాల్సిన సంగతి. 2015లో కేంద్ర, రాష్ట్ర సంస్థలు కలిసి ఒక కార్పొరేషన్ పెట్టాయి. అది రైతుల దగ్గర భూమిని 28 ఏళ్లకు లీజుకు తీసుకుంది. ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. పహణీలో పేరు రైతుదే. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య పార్కును ప్రారంభించారు. 2019 డిసెంబరుకు పూర్తి సామర్థ్యం వచ్చింది.

వేరేచోట్లతో పోల్చితే ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. తమిళనాడులో రామనాథపురం జిల్లా కముది దగ్గర 2016లో 648 మెగావాట్ల కేంద్రం కట్టారు. అక్కడ భూమి కొనేశారు. అమ్మిన రైతుకు ఆ నేలతో రుణం తీరిపోయింది. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 2017లో వచ్చిన 1,000 మెగావాట్ల పార్కుకు ప్రభుత్వమే భూమి సమకూర్చింది. పావగడ రైతుకు మాత్రం నేల మిగిలింది, ఏటా బ్యాంకులో డబ్బు పడుతోంది. వాన కోసం ఆకాశం చూసే బాధ తప్పింది. బీడు పడిన ఎకరాకు 21 వేలంటే ఆ రోజుల్లో ఎవరైనా సంతకం పెడతారు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఆ 21 వేలు నాలుగు పెంపుల తర్వాత 25,526 రూపాయలవుతుంది. ఆ లెక్కన 13 వేల ఎకరాలకు ఏటా సుమారు 33 కోట్లు. మరి కరెంటు? యూనిట్ 3 రూపాయలకే అమ్మారనుకున్నా 370 కోట్ల యూనిట్లకు 1,110 కోట్లు. అంటే వంద రూపాయల కరెంటు అమ్మితే భూమికి దక్కేది మూడు రూపాయలు.

కంపెనీ పెట్టుబడి పెట్టింది, అప్పు తెచ్చింది, వడ్డీ కడుతోంది. ఆ మాటా నిజమే. మిగిలిన 97 రూపాయలూ లాభమని ఎవరూ అనడం లేదు. కానీ ఇదే లెక్కను ఇంకోలా చూడండి. లీజును రెట్టింపు చేస్తే యూనిట్‌కు పడే అదనపు భారం 9 పైసలు. దేశంలో ఏ డిస్కమూ 9 పైసలతో మునిగిపోదు. రైతు ఇంట్లో మాత్రం ఆ తేడా పిల్లల కాలేజీ ఫీజు.

28 ఏళ్లకు కరిగేదెంత

రెండేళ్లకు 5 శాతం అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ధరలు ఏడాదికే 5 శాతం పెరిగితే? లీజు చివరి రెండేళ్లలో ఎకరాకు వచ్చేది సుమారు 39,600 రూపాయలు. అప్పటికి ధరలు మూడున్నర రెట్లు దాటతాయి. అంటే ఆ 39,600తో కొనగలిగేది, మొదటి ఏడాది 11 వేలతో కొన్నంతే. కాగితం మీద లీజు దాదాపు రెట్టింపవుతుంది, సంచిలో సరుకు మాత్రం సగానికి వస్తుంది.

పైగా ఈ 28 ఏళ్లలో ఒక తరం మారుతుంది. తండ్రి సంతకం పెట్టిన ఐదెకరాలు ముగ్గురు కొడుకుల మధ్య పంపకమవుతుంది. సేద్యం చేయని చేతులు సేద్యం మరిచిపోతాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు ఊరికే అనలేదు. గడువు తీరాక పలకలు తీసేదెవరు, సిమెంటు దిమ్మెలు పెకలించేదెవరు, చదును చేసిన నేలలో ఎవరి గట్టు ఎక్కడో తేల్చేదెవరు? ఈ ప్రశ్నలకు జవాబు ఒప్పందంలో పక్కాగా ఉండాలి. పెద్దమనుషుల మాటలో ఉంటే చాలదు.

పహణీలో పేరు లేనోళ్లు

భూమి ఉన్నోళ్లకు లీజు వచ్చింది. భూమి లేనోళ్లకు? కలుపు తీసి, బుడ్డలు పీకి, కూలితో ఇల్లు నడిపే ఆడవాళ్లకు పొలాలతో పాటు పని కూడా పోయింది. పార్కులో గడ్డి కోయడం, పలకలు తుడవడం, వాచ్‌మన్ డ్యూటీ లాంటి పనులు కొందరికి దొరికాయి. కట్టేటప్పుడు వందల మందికి పని ఉంటుంది, కట్టాక కొద్దిమందే చాలు. సోలార్ కేంద్రం స్వభావమే అంత. గొర్రెల కాపరులదీ ఇదే కథ. మంద తిరిగే బీళ్లకు కంచె పడింది. మేత కోసం దూరం పోవాలి, లేదా మంద అమ్ముకోవాలి.

దీపం కిందే చీకటి అంటే ఇదే. వీళ్ల పేరు ఏ పహణీలోనూ లేదు కాబట్టి పరిహారం జాబితాలోనూ లేదు. వీళ్లకు వాటా ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. యూనిట్‌కు ఒక్క పైసా పక్కన పెడితే ఏటా 3 కోట్ల 70 లక్షలు వస్తుంది. ఐదు ఊళ్ల పంచాయతీల చేతికి ఆ డబ్బు వస్తే భూమి లేని ఇళ్లకు పని చూపొచ్చు, పిల్లలకు ఎలక్ట్రికల్ పని నేర్పించొచ్చు. పలకల మధ్య గడ్డిని యంత్రాలతో కోయించే బదులు గొర్రెలను మేపనిస్తే కాపరికి మేత, కంపెనీకి ఖర్చు ఆదా. మేకలైతే పలకలెక్కుతాయి, గొర్రెలతో ఆ బెడద తక్కువ. ఎత్తుగా స్టాండ్లు కట్టి పలకల కింద పంట పండించే పద్ధతి మీద జోధ్‌పూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ఏళ్లుగా పని చేస్తోంది. కొత్తగా కట్టే చోట అలాంటివి ముందే అనుకుంటే నేల పూర్తిగా చేజారదు.

పొద్దు గూకాక

సాయంత్రం ఆరు దాటితే పార్కు నిద్రపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, మిక్సీలు మొదలవుతాయి. ఆ నాలుగు గంటలు నడిపించేది ఇప్పటికీ థర్మల్, జల విద్యుత్ కేంద్రాలే. పగటి కరెంటును రాత్రికి దాచుకోవడానికి రెండు దార్లు.. బ్యాటరీలు, లేదా పగలు నీటిని పైకి తోడి రాత్రి కిందికి వదిలే కేంద్రాలు. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల ప్రాజెక్టు రెండో రకానిదే. ఇలాంటివి పెరిగేదాకా బొగ్గును ఒక్కసారిగా ఆపేయడం కుదరదు. సింగరేణిలోనో, చంద్రపూర్ గనుల్లోనో పనిచేస్తున్న మనవాళ్లు రేపే వీధిన పడతారన్న భయం అక్కర్లేదు. అయితే గని మూతపడే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పిల్లల చదువు, వేరే పని, ఊరికి వేరే ఆదరువు.. వీటి ఏర్పాటు మూతపడ్డాక కాదు, ముందే జరగాలి.

పెద్ద పార్కులొక్కటే దారి కూడా కాదు. సబ్‌స్టేషన్ పక్కనే నాలుగైదు ఎకరాల్లో ఒక మెగావాట్ పెడితే ఆ ఫీడరు మీది మోటార్లకు పగలే కరెంటు ఇవ్వొచ్చు. కేంద్రం 2019లో తెచ్చిన కుసుమ్ పథకంలో ఇందుకు వీలుంది. గౌరిబిదనూరు తాలూకాలో 2025లో ఇలాంటి కేంద్రాన్ని ప్రారంభించారు. అర్ధరాత్రి లేచి, పాములకు భయపడుతూ మోటారు వేసే రైతుకు పగటి కరెంటు విలువ వేరే చెప్పక్కర్లేదు. పావగడ పార్కు కరెంటు గ్రిడ్‌లో కలిసి ఎక్కడికో పోతుంది. ఫీడరు పక్క పలకల కరెంటు మాత్రం ఊళ్లోనే తిరుగుతుంది.

ఇంటి కప్పు సంగతీ ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల దాకా సబ్సిడీ ఇస్తున్నారు. కానీ కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. బిల్లే రాని ఇంటాయన అప్పు చేసి మరీ పలకలు ఎందుకు పెడతాడు? ఉచితాన్ని తప్పు పట్టడం కాదిది. ఏటా ఉచితానికి పెట్టే డబ్బులో కొంత పేదల కప్పుల మీద పలకలకు పెడితే కొన్నేళ్లకు ఆ ఇంటి కరెంటు ఖర్చు సర్కారుకూ తప్పుతుంది.

సంతకానికి ముందే అడగాలి

పాత ఒప్పందాలు మార్చడం కష్టం. కంపెనీలు పాతికేళ్లకు రేటు కట్టేసుకుని ఉన్నాయి. కానీ పావగడ పార్కును ఇంకా విస్తరించాలన్న మాట ఇటీవలి ఏళ్లలో వినిపిస్తూనే ఉంది. సరిహద్దుకు అటు శ్రీసత్యసాయి, అనంతపురం, కర్నూలు జిల్లాల్లోనూ సోలార్ కోసం వేల ఎకరాలు చూస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరాకు ఏటా 30 వేల లీజు మాట కూడా వచ్చింది. అంటే బేరం ఇంకా నడుస్తోంది.

కాబట్టి కాగితం ఊరికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయాలి. లీజు పెంపు ధరల సూచీతో ముడిపడి ఉందా? భూమి లేనివాళ్లకు యూనిట్‌కు ఎంత? ఈ కరెంటులో మా ఊరి మోటార్లకు పగలు ఎన్ని గంటలు? గడువు తీరాక నేలను మునుపటిలా చేసి అప్పగించే పూచీ ఎవరిది, అందుకు డబ్బు ముందే డిపాజిట్ చేశారా? కాగితం కన్నడంలో ఉంటే చదివించుకుని, ఇంగ్లీషులో ఉంటే అర్థం చెప్పించుకుని, ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నాకే సంతకం పెట్టాలి. ఒక్కొక్కరూ విడివిడిగా పెడితే బేరం కంపెనీది, కలిసి పెడితే బేరం ఊరిది.

చమురు బావి ఉన్న దేశాలు ఆ బావికి ధర కట్టడం నేర్చుకున్నాయి. ఎండకు ధర కట్టడం మనం నేర్చుకోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. పావగడలో ఆ దీపం ఇప్పటికే వెలుగుతోంది. మిగతా సరిహద్దు ఊళ్లలో ఇంకా వెలిగించబోతున్నారు. లెక్క అడగడానికి ఇదే సమయం.